స్టెంట్ వేసి నాలుగు నెలలు, నాయన మాత్రలు ఎగ్గొడుతున్నాడు

మాది ఆదోని దగ్గర పల్లె. నాయనకు 64, గుండెకు స్టెంట్ కర్నూలులో వేశారు. నేను బెంగళూరులో ఉంటా. ఉగాదికి పోయి మాత్రల కవర్ మంచం మీద పోసి చూస్తే, ఈపాటికి అయిపోవాల్సిన స్ట్రిప్పులు సగం అట్లే ఉన్నాయి. అడిగితే "నొప్పి లేదు కదరా, ఊరికే కడుపులో మంట" అంటాడు. అరిచా. ఇప్పుడు ఫోన్ చేస్తే "వేసుకున్నాలే" అంటాడు, అబద్ధమని గొంతులోనే తెలుస్తోంది. ఏం చేయాలి?

అనంతపురం నుంచి:
అన్నా, ముందు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి చూడు. కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మూసుకుపోకుండా ఆపేవి ఆ రెండే, అందుకే రెండూ కలిపి మామూలుగా ఏడాది దాకా రాస్తారు. పన్ను పీకాలని పళ్ల డాక్టర్ ఆపమన్నా సరే, గుండె డాక్టర్‌ను అడక్కుండా ఆపకూడదు. మంట నిజమే అయితే ఆయనకే చెప్పండి, దానికీ మందుంది. మా మామ కూడా ఇంతే, నొప్పి లేనిది మాత్రల వల్లే అంటే నవ్వేవాడు.

కడప, మెడికల్ షాపు:
అరిస్తే దాచిపెట్టడం నేర్చుకుంటారు, అంతే. ఏవేవి మిగిలాయో విడివిడిగా లెక్కపెట్టండి, అన్నీ ఒకే లెక్కన మిగలవు. నీళ్ల మాత్ర మిగిలిందంటే అది బస్సు సమస్య: ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలోపే ఒంటికి మొదలవుతుంది, బస్సెక్కి మార్కెట్ యార్డుకు పోయే రోజు ఎవరు వేసుకుంటారు చెప్పండి! టైము మార్చొచ్చేమో డాక్టర్‌ను అడగండి. డబ్బులకు వెనకాడుతుంటే జన ఔషధిలో తక్కువకే దొరుకుతాయి, కాకపోతే పేరు, రంగు మారతాయి కాబట్టి పాత స్ట్రిప్పు ఇంట్లో ఉంచొద్దు, రెండూ కలిపి మింగేస్తారు. మెటోప్రొలాల్ (బీపీ, గుండె మాత్ర) ఉంటే దాన్నీ ఒక్కసారిగా ఆపకూడదు. మానేసినవాటికి బదులు ఇప్పుడు రెండేసి వేయొద్దు. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ తెచ్చుకుంటున్నాడేమో కూడా కనుక్కోండి, కడుపు మంట దాందే కావచ్చు.

అడిగినవాడినే:
అమ్మతో వీడియో కాల్‌లో లెక్కపెట్టించా. పొద్దుటివి సరిగ్గానే ఉన్నాయి. మిగిలినవన్నీ రాత్రివే, క్లోపిడోగ్రెల్ అందులోనే ఉంది. సంగటి తిని వసారాలో పడుకుంటాడు, కవర్ లోపల గూట్లో ఉంటుంది, ఆ చిన్న అక్షరాలు కనపడవు. అద్దాలు పగిలి రెండు నెలలైందట! ఏది ఏదో తెలియక మానేశాడు, అడగడానికి నామోషీ. డాక్టర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పా, రేపే తీసుకురమ్మన్నారు. అద్దాలు కూడా ఆ దోవలోనే.