అలలు ఎదురుగా వస్తుంటే ఓడ పక్కలకి ఎందుకు ఊగుతుంది?

సిక్కోలు అక్క:
మా తమ్ముడు డెక్ క్యాడెట్‌గా (ఆఫీసర్ ట్రైనీగా) కంటెయినర్ షిప్ ఎక్కి 3 నెలలైంది. మొన్న పసిఫిక్‌లో ఓడ ఉన్నట్టుండి పక్కలకి 20 డిగ్రీలకు పైగా ఒరిగిందట. అలలు మాత్రం సరిగ్గా ముందు నుంచే వస్తున్నాయట. అలాంటప్పుడు ముక్కు పైకీ కిందకీ కొట్టుకోవాలి గానీ పక్కలకి ఊగడమేమిటి? డిజైన్‌లో లోపమా? విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత చీఫ్ ఆఫీసర్, విశాఖ:
అమ్మా, వాడు చెప్పింది నిజమే అయ్యుంటుంది. దాన్ని మేం పారామెట్రిక్ రోలింగ్ అంటాం.

కంటెయినర్ ఓడ ముక్కు నీటి దగ్గర సన్నగా, డెక్ దగ్గర బాగా విచ్చుకుని ఉంటుంది. వెనక వైపూ అంతే. కింద సన్నగా ఉంటే స్పీడు, పైన వెడల్పుంటే ఎక్కువ పెట్టెలు. అల పొడవు దాదాపు ఓడ పొడవంత అయినప్పుడు చిక్కు మొదలవుతుంది. అల శిఖరం ఓడ నడుము కిందకి వస్తే, రెండు కొసల్లో విచ్చుకున్న భాగాలు నీళ్లలోంచి పైకి తేలతాయి. ఓడని నిటారుగా నిలిపే పట్టు తగ్గుతుంది. నడుము కిందకి పల్లం వచ్చేసరికి ఆ కొసలు మునిగి, పట్టు ఒక్కసారిగా పెరుగుతుంది.

అట్లతద్దికి ఉయ్యాల ఊగే ఉంటారు. ఎవరూ తొయ్యకపోయినా, దాని మీద నిలబడి సమయం చూసి వంగి లేస్తుంటే అది పైపైకి పోతుంది. ఒక ఊపు పోయి వచ్చేలోపు రెండుసార్లు వంగి లేస్తాం. ఇక్కడా అదే లెక్క. ఓడ ఒకసారి అటూ ఇటూ ఊగేలోపు రెండు అలలు తగిలితే, కొద్ది ఊపుల్లోనే చిన్న ఒరుగు పెద్దదవుతుంది.

1998 అక్టోబరులో ఏపీఎల్ చైనా అనే 262 మీటర్ల ఓడ, తైవాన్ నుంచి సియాటిల్ వెళ్తూ 35 నుంచి 40 డిగ్రీలు ఒరిగింది. దాదాపు 400 కంటెయినర్లు సముద్రం పాలయ్యాయి. ఎదురు అలల్లో ఈ ముప్పు ఎంత పెద్దదో మా అందరికీ తెలిసింది అప్పుడే.

మెకానికల్ కుర్రాడు:
సర్, మరి అడుగున బరువు పెంచి ఓడని ఇంకా గట్టిగా నిలబెడితే సరిపోదా?

పాత చీఫ్ ఆఫీసర్, విశాఖ:
మంచి ప్రశ్న బాబూ. నేనూ క్యాడెట్‌గా అలాగే అనుకున్నాను. ఒరిగిన ఓడ తిరిగి లేచే పట్టుకి కొలత జీఎం. 40 మీటర్ల వెడల్పున్న ఓడకి జీఎం 1 మీటరైతే ఒక ఊపుకి సుమారు 32 సెకన్లు పడుతుంది. 4 మీటర్లైతే 16 సెకన్లే. అంటే ఓడ అంత విసురుగా వెనక్కి లేస్తుంది. ఆ విసురంతా కంటెయినర్లని కట్టి ఉంచే లాషింగ్ రాడ్ల మీదా, మనుషుల మీదా పడుతుంది.

విశాఖలో ఇనుప ఖనిజం ఎత్తుకుని జపాన్ వెళ్లే ఓడలో పనిచేశాను. ఖనిజం బరువెక్కువ, సరుకు నింపే హోల్డ్ అడుగునే ఉండిపోతుంది. ఓడ ఒరిగిందో లేదో, చెయ్యి పట్టి గుంజినట్టు వెనక్కి లాగేది. మెస్‌లో పళ్లెం నిలిచేది కాదు. ఒక రాత్రి మా బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) మెట్ల మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఓడ బోల్తా పడుతుందన్న భయం ఆ ప్రయాణంలో ఒక్క రోజూ కలగలేదు. నలిగిపోయింది మేమే.

అందుకే దీన్ని లోపమని నేననను. ఓడ పొట్ట మలుపు దగ్గర రెండు పక్కలా బిల్జ్ కీల్ అని పొడవాటి ఇనుప రెక్కలుంటాయి, ఊపుని కొంత చంపుతాయి. మిగతాది బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే గదిలో ఉన్నవాళ్ల పని. కోర్సో (ఓడ వెళ్లే దిశ) స్పీడో మారిస్తే అలలు తగిలే లెక్క తప్పుతుంది. తన ఓడ ఊపుకి ఎన్ని సెకన్లో ప్రతి క్యాడెట్టూ వాచీ పెట్టి కొలవాలి. ఇది పరీక్షలకి బట్టీ పడుతున్నారు గానీ డెక్ మీద కొలిచేవాళ్లు తక్కువ, నాకు బాధ అదే.

సిక్కోలు అక్క:
ఇప్పుడే వాడితో మాట్లాడాను సర్. కెప్టెన్ గారు కోర్సు 30 డిగ్రీలు తిప్పాక పావుగంటలో తగ్గిందట! మీరు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను. ఆ ఊపులో వాడు పడుకునేదెలా అని అడుగుతోంది.

పాత చీఫ్ ఆఫీసర్, విశాఖ:
పరుపు బయటి అంచు కింద లైఫ్ జాకెట్ దూర్చమనండి. పరుపు గోడ వైపు వాలి పల్లంలా అవుతుంది, అందులో ఒదిగి పడుకుంటే దొర్లడు. కుర్చీని బల్లకి కట్టెయ్యమనండి. పొద్దున్నే చీఫ్ మేట్‌తో వెళ్లి లాషింగులు చూడమనండి.