“మిక్కిలి అల్పులు” ఎవరు? సంఘం బయటివారి బాధ సంఘానికి పట్టనవసరం లేదా?

గుండ్లకమ్మ తీరం

సహోదరీ సహోదరులకు వందనములు. నెల రోజులుగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్నను ఈ ఆన్‌లైన్ వేదికలో మీ ముందు పెడుతున్నాను. నేను ఆరాధనకు వెళ్ళే పట్టణ మందిరం వెనక వీధిలో ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు మ్యాన్‌హోల్‌లోకి దిగారు. మొదట దిగినతను విషవాయువుకు స్పృహ తప్పాడు. అతన్ని పైకి లాగబోయి రెండవతను కూడా లోపల పడిపోయాడు. రెండవతను బతికాడు, మొదటతను చనిపోయాడు. మరునాడు ఆదివారం ఆరాధన ఎప్పటిలాగే జరిగింది. ప్రకటనల సమయంలో మందిర వార్షికోత్సవం గురించీ కొత్త సౌండ్ సిస్టమ్ చందాల గురించీ పావుగంట మాట్లాడారు. గోడ అవతల పోయిన ప్రాణం గురించి ఒక్క ప్రార్థన కూడా లేదు. తరువాత ఒక పెద్దను అడిగితే, “అతను మన సంఘస్థుడు కాడు కదా” అన్నారు. ఆయన కఠినుడు కాడు. ఆ మాటను చాలా మామూలుగా అన్నారు, నన్ను భయపెట్టింది కూడా ఆ మామూలుతనమే.

లూకా 16వ అధ్యాయంలోని ధనవంతుడు తన వాకిట పడి ఉన్న దరిద్రుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, వాకిలి నుండి వెళ్ళగొట్టించనూ లేదు. అతను రోజూ ఆ వాకిలి గుండానే వస్తూ పోతూ ఉన్నాడు, అంతే. అయినా పాతాళంలో బాధపడుతున్నప్పుడు “లాజరును పంపుము” అని పేరుపెట్టి అడిగాడు. అంటే ఆ పేరు అతనికి మొదటినుండీ తెలుసునన్నమాట. తెలిసీ పట్టించుకోకపోవడాన్ని ప్రభువు ఇంత గట్టిగా ఖండించాడు. అటువంటప్పుడు “మన సంఘస్థుడు కాడు” అనే జవాబు క్రైస్తవుని నోట ఎలా వస్తుందో తెలిసినవారు చెప్పండి.

బెరయవాసి

సహోదరుడు గుండ్లకమ్మ తీరం గారికి వందనములు. మీ ఆవేదనను గౌరవిస్తున్నాను. అయితే ఆవేదన వేరు, వాక్యభావం వేరు. ఇటువంటి చర్చలు చివరికి మత్తయి 25:40 దగ్గరికే చేరుతాయి కాబట్టి దానినే ముందుగా చూద్దాం. “మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి” చేసినది తనకు చేసినట్టేనని, తీర్పు తీర్చే రాజు మాటగా ప్రభువు చెప్పాడు. మత్తయి సువార్తలో ప్రభువు తన సహోదరులని ఎవరిని పిలిచాడు? 12వ అధ్యాయం చివర శిష్యులవైపు చెయ్యి చాపి, తండ్రి చిత్తప్రకారం చేసేవాడే నా సహోదరుడన్నాడు. 10:42లో చిన్నవారికి గిన్నెడు చన్నీళ్ళు ఇవ్వడం గురించి చెప్పినప్పుడు కూడా శిష్యుడని ఇవ్వాలన్నాడు. కాబట్టి 25వ అధ్యాయంలోని ఆకలిగొన్నవారు, పరదేశులు, చెరలో ఉన్నవారు అంటే సువార్త నిమిత్తం శ్రమపడిన విశ్వాసులే. ఇది నేను కల్పించిన మాట కాదు, పాతకాలం నుండీ అనేకులైన వ్యాఖ్యాతలు చెప్పినదే. సంఘం మునిసిపాలిటీ కాదు. మురుగు కాలువలో జరిగిన మరణానికి లెక్క చెప్పవలసినవారు కాంట్రాక్టరు, అతనికి పని అప్పగించిన అధికారులు. ఆ లెక్కను సంఘం నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఆవగింజ

సమరయుడు గాయపడినవాని సంఘం పేరు అడగలేదు.

గుండ్లకమ్మ తీరం

బెరయవాసి గారూ, వాక్యాన్నే చూద్దామన్నారు కాబట్టి ఇంకో ఐదు వచనాలు చదవండి. 45వ వచనంలో ఎడమవైపు ఉన్నవారితో రాజు “మిక్కిలి అల్పులైన వీరిలో ఒకనికైనను” అంటాడు. అక్కడ “నా సహోదరులు” అనే మాట లేదు. దోషులుగా తీర్పు పొందినవారి విషయంలో సహోదరత్వం ప్రస్తావనే రాలేదు. పైగా 32వ వచనం ప్రకారం అక్కడ పోగయినది సమస్త జనములు.

చరిత్ర కూడా చూడండి. 1876 నుండి 1878 వరకు వచ్చిన కరవును మన పూర్వికులు ధాత కరవన్నారు. అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషనులో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని చూపించాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పనికి వచ్చినవారిలో బాప్తిస్మం పొందనివారు కూడా ఉన్నారు. అన్నం కోసం విశ్వాసులయ్యారన్న మాట రాకూడదని, కరవు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. అవి మళ్ళీ మొదలైన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ముత్తాత కుటుంబం విశ్వాసంలోకి వచ్చింది ఆ కాలంలోనే, నా పేరు కూడా అందుకే పెట్టుకున్నాను. “మీరు మా సంఘస్థులు కారు” అని ఆ రోజు క్లౌ దొర అనివుంటే, ఈ రోజు మనం ఈ వేదిక మీద ఉండేవాళ్ళం కాము.

బెరయవాసి

కాలువ ఉదాహరణ మీ వాదానికి పనికిరాదు. అది సంఘ కానుకలతో చేసిన దానం కాదు, ప్రభుత్వం డబ్బుతో జరిగిన కరవు పని. క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు కాబట్టి కాంట్రాక్టు తీసుకోగలిగాడు. పనిచేసినవారు కూలి తీసుకున్నారు. ఇందులో సంఘం ఖజానానుండి బయటివారికి వెళ్ళింది ఎంత? మన ప్రశ్న కానుకలదైతే ఉదాహరణ కూడా కానుకలదే కావాలి.

ఇక 45వ వచనం సంగతి. 40లో పూర్తిగా చెప్పిన మాటను 45లో కుదించి చెప్పారు. మొదట చెప్పిన విశేషణాన్ని రెండోసారి వదిలివేసినంత మాత్రాన అర్థం మారదు. గలతీ 6:10 చూడండి, “విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను” అన్నాడు పౌలు. ఆ విశేషముగా అనే మాటను తుడిచివేసే అధికారం మనకు లేదు.

తొమ్మిదో గంట

ఆ కుటుంబం కోసం మా ఇంట్లో ప్రార్థన చేశాము. ప్రార్థన తక్కువది కాదని మాత్రం మనవి.

దోర్కా సూది

ప్రార్థన తక్కువదని ఎవరూ అనలేదు తమ్ముడూ. కానీ, చలి కాచుకోండి, తృప్తిపొందండి అని చెప్పి శరీరానికి కావలసినది ఇవ్వకపోతే ఏమి ప్రయోజనమని యాకోబు అడిగినది కూడా ప్రార్థన చేసేవారినే.

నేను ఇరవై రెండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. కాలువ డబ్బు ఎవరిదో, 45వ వచనంలో ఏ మాట లేదో తేల్చుకునేలోపల మనిషి చనిపోతాడు. బెరయవాసి అన్నగారు అడుగుతున్న ప్రశ్నను సువార్తలో ధర్మశాస్త్రోపదేశకుడు ముందే అడిగాడు. నా పొరుగువాడెవడని అడిగి, తన బాధ్యతకు ఒక గట్టు వేసుకోవాలనుకున్నాడు. ప్రభువు అతనికి గట్టు చూపించలేదు. సమరయుని కథ చెప్పి, దొంగల చేతిలో చిక్కినవానికి ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడని తిరిగి అడిగాడు. యాజకుడు, లేవీయుడు చెడ్డవారని వాక్యంలో లేదు. చూశారు, ప్రక్కగా పోయారు. వారికీ ఒక వచనం దొరికే ఉంటుంది, శవాన్ని ముట్టితే అపవిత్రత కలుగుతుందని ధర్మశాస్త్రంలో ఉంది కదా. అన్నగారూ, కఠినంగా అంటున్నానేమో క్షమించండి, మీలాంటి పెద్దలు పుస్తకం అడ్డుపెట్టుకోవడం వల్లనే యువత మందిరాలు విడిచిపోతున్నారు.

బెరయవాసి

సహోదరీ, ఇంతవరకు వాక్యం మాట్లాడాను. మీరు నా హృదయాన్ని తూచారు కాబట్టి ఇప్పుడు నా సంగతి చెబుతాను. మాది నలభై కుటుంబాల గ్రామ సంఘం. కానుకల పుస్తకం పదకొండేళ్ళుగా నా చేతిలో ఉంది. చందా సంచిలో పడే పది రూపాయల నోట్లు లెక్కపెట్టేవాడిని నేను. ఆ డబ్బులోనుండే సేవకునికి జీతం, కరెంటు బిల్లు, ఇద్దరు విధవరాండ్రకు నెలకు బియ్యం. బయటివారికి ఇమ్మని మీరు అన్నప్పుడు, ఏ విధవరాలి బియ్యం ఆపి ఇవ్వమంటారో కూడా చెప్పండి.

2021 మే నెలలో నా భార్య కోవిడ్‌తో చనిపోయింది. మా గ్రామ సంఘానికి మాతృసంఘమైన పట్టణ మందిరానికి ఆరుసార్లు ఫోను చేశాను. సమాధి పెట్టెనైనా పంపలేదు. ఆమె ఆ మందిరంలో ముప్పై ఏళ్ళు స్త్రీల సమాజానికి వెళ్ళి పాటలు పాడిన మనిషి. విశ్వాసగృహానికి చేరినవారికే ఎవరూ రానిచోట మీరు లోకం మొత్తాన్ని ప్రేమించడం గురించి రాస్తుంటే, నాకు అది వాక్యంలా వినబడదు, పట్టణపువారి వేడుకలా వినబడుతుంది. ముందు ఇంటివారిని చూడమంటున్నాను. ఇంటివారినే చూడనివారు వీధివారిని చూస్తారని నేను నమ్మను.

దోర్కా సూది

అన్నగారూ, నేను అన్న మాటకు మనస్ఫూర్తిగా క్షమాపణ అడుగుతున్నాను. ఆ మే నెలలో నేనూ వార్డులోనే ఉన్నాను. ఒక్కటి అడగవచ్చా, అమ్మగారిని ఎవరు మోశారు?

బెరయవాసి

ఊరి కుర్రాళ్ళు నలుగురు. వారిలో ఒక్కడూ మన విశ్వాసి కాడు. మీరు ఎందుకు అడిగారో నాకు తెలుసు. ఆ మాట నేను ప్రతిరోజూ తలచుకుంటాను. కానీ దానివల్ల మత్తయి 25 అర్థం మారదు.

చివరి బల్ల

నేను ఈ వేదికలో చదవడమే గాని రాయడం తక్కువ. ఈ చర్చ మొదటినుండీ చదివాను. అన్నలారా, మీరు వాదిస్తున్నది మా నాన్న గురించి.

మా నాన్న పంచాయతీలోను, తరువాత మునిసిపాలిటీలోను ముప్పై ఏళ్ళు కాలువలు తీశాడు. బాప్తిస్మం పొందినవాడు, కానుక ఎగ్గొట్టనివాడు. మందిరంలో ఎప్పుడూ చివరి బల్ల మీదే కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ముందుకు రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో, గిన్నె అందరికంటే చివర అతనికి వచ్చేది. అతని తరువాత ఎవరూ తాగనవసరం లేకుండా ఆ వరుస ఏర్పడింది. ఒక్కసారీ పెద్దల సంఘానికి అతని పేరు అనుకోలేదు. ఒక ఊరిలో మాలలకొక మందిరం, మాదిగలకొక మందిరం, సమాధుల దొడ్లు కూడా వేరుగా ఉన్నచోట “మన సంఘస్థుడు” అనే మాటకు అర్థం ఏమిటో మీ ఇద్దరికీ తెలుసు. వ్యాఖ్యాతల పుస్తకాల్లో వెతకనవసరం లేదు. మ్యాన్‌హోల్‌లో పోయినతను బాప్తిస్మం పొందినవాడే అయినా, ఆ పెద్ద నోట ఇంకో మాట వచ్చేది, పావుగంట సౌండ్ సిస్టమ్ గురించే మాట్లాడేవారు.

గుండ్లకమ్మ తీరం అన్నా, మిమ్మల్ని కూడా ఒకటి అడగాలి. ధనవంతునికి లాజరు పేరు తెలుసునని మీరే రాశారు. మీ మందిరం వెనక చనిపోయినతని పేరు మీ పోస్టులో ఎక్కడా లేదు. అతని పేరేమిటి? నెల రోజుల్లో ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారు?

ఆవగింజ

నేనూ అడగలేదు. నా ఒక్క వాక్యం తేలికగా రాసేశాను.

గుండ్లకమ్మ తీరం

తమ్ముడూ, రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. వెళ్ళలేదు. పేరు తెలియదు. పెద్దను ప్రశ్నించాను, ఆయన జవాబుకు నొచ్చుకున్నాను, ఇంటికి వచ్చి ఇక్కడ రాశాను. అలా రాయడంతో నా వంతు అయిపోయిందని నా మనసులో ఎక్కడో అనుకున్నాను. ఆమోసు ప్రవక్త, యోసేపు సంతతివారికి కలిగిన ఉపద్రవాన్ని గురించి చింతపడనివారిని గద్దించిన అధ్యాయం మీద నేను ఈ సంవత్సరమే యువజన కూటంలో ప్రసంగించాను. ఆ ప్రసంగం కాగితాలు ఇంకా నా బైబిలులోనే ఉన్నాయి.

నిన్న సాయంకాలం వెళ్ళాను. మందిరం నుండి నడిస్తే పదిహేను నిమిషాలు. అతని భార్య ఉన్నది, ఇద్దరు పిల్లలు ఉన్నారు. బతికినతను కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు, దగ్గు ఇంకా తగ్గలేదు. పేరు తెలుసుకున్నాను, ఆమెను అడగకుండా ఇక్కడ రాయను. నేను మందిరం నుండి వచ్చానని చెప్పగానే, చందాకు వచ్చాననుకుని ఆమె లోపలికి వెళ్ళి డబ్బా తీయబోయింది. కాంట్రాక్టరు మనిషి రెండుసార్లు వచ్చి, కొంత నగదు ఇస్తానని, ఒక కాగితం మీద వేలిముద్ర వేయమని అడుగుతున్నాడట. ఆమెకు చదువు రాదు. ఆ కాగితం నేను చదివాను, ఇకమీదట ఎటువంటి పరిహారమూ కోరనని అందులో ఉంది.

బెరయవాసి

వేలిముద్ర వేయనివ్వవద్దు. ఈ రాత్రే కబురు చేయండి.

నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను, ఇటువంటి కాగితాలు ఎన్నో చూశాను. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. 1993 నుండి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతివారి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. ఇది కాంట్రాక్టరు దయ కాదు, ఆమె హక్కు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ముందుగా తెచ్చుకోవాలి. ఎఫ్ఐఆర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగి చనిపోయినట్టు రాశారా, లేక కాలు జారి పడినట్టు రాశారా చూడండి. అక్కడే మోసం జరుగుతుంది. బతికినతని వాంగ్మూలం కూడా తీసుకోవాలి, అతను చూసిన సాక్షి. బుధవారం ఉదయం బస్సుకు వస్తాను, అర్జీ నేనే రాస్తాను.

45వ వచనం మీద నా అభిప్రాయం మారలేదు. గలతీ 6:10లో “విశేషముగా” అనే మాటకు ముందు “అందరియెడలను” అని ఉన్నదని కూడా నాకు తెలుసు. ఇన్ని రోజులుగా ఆ వచనంలో సగమే ఇక్కడ రాశాను.

దోర్కా సూది

దగ్గు తగ్గనతన్ని బుధవారం దాకా ఆపవద్దు. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీయించాలి. నా డ్యూటీ మధ్యాహ్నం అయిపోతుంది, రేపు తీసుకురండి.

చివరి బల్ల

బుధవారం నేనూ వస్తాను. ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో అడిగి రాయండి అన్నా. మా నాన్న పోయినప్పుడు మా అమ్మను ఆ మాట ఎవరూ అడగలేదు.