నానా కంజాతభవాండ... ‘భాండకు’నా, ‘కుంభకు’నా?

బ్యాంకాక్ నుంచి:
మిత్రులకు నమస్కారం. పోయిన ఆదివారం ఇక్కడి జాతీయ ప్రదర్శనశాలకు వెళ్లి వచ్చినప్పటి నుంచి పోతనగారి భాగవతంలోని మొదటి పద్యం ‘శ్రీకైవల్యపదంబు’ చివరి పాదం సగమే గుర్తుకు వచ్చి వేధిస్తోంది. ఆ శాల సనామ్ లువాంగ్ మైదానం పక్కన, ఒకప్పుడు ఉపరాజు నివసించిన వాంగ్ నా ప్రాసాదంలో ఉంది. మ్యూజియానికి థాయి మాట ‘ఫిఫిత్థఫన్’. ఇందులోని ఫకారాన్ని మనం ‘ఫోను’లో పలికినట్టు కాక, పెదవులు కలిపి, పకారాన్ని ఒత్తి పలకాలి. బోర్డు మీది అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటే అది మన ‘వివిధభాండ’మేనని తేలింది. ఆ మాటను మననం చేసుకుంటూ లోపలికి వెళ్లి, బాన్ చియాంగ్ తవ్వకాల్లో దొరికిన కుండల ముందు, లేతవన్నె మట్టి మీద ఎర్రటి సుడులు తిరిగిన ఆ కుండల ముందు, చాలాసేపు నిలబడిపోయాను. ‘నానా కంజాతభవాండభాండకు’ అన్న పాదం నోటికి వచ్చింది అక్కడే. పోతనగారి పాఠం ఇదేనా? రెండో సందేహం కూడా ఉంది. బోర్డు మీద ‘భ’కు దీర్ఘం లేదు, ‘భాం’ ఉండవలసిన చోట ‘భం’ అని రాశారు. ఇది థాయివారి అలవాటా, లేక ఆ మాట వారికి చేరేటప్పటికే అలా ఉందా?

వరంగల్లు నుంచి:
పాదం ‘నాకంజాతభవాండకుంభకు’ అండీ, ‘భాండకు’ కాదు. ఇందులో సందేహానికి తావు లేదు. ఆరంభకు, సంరంభకున్, స్తంభకు, కుంభకు, డింభకున్ అని ఆ పద్యమంతా ‘ంభ’ మీద నడుస్తుంది. ఆ వరుసలో ‘భాండ’ పెడితే మృదంగం మీద ఒక దెబ్బ తప్పినట్టు ఉంటుంది. బమ్మెర మా ఊరికి దగ్గరే. మా వైపు బడిపిల్లలు కూడా ఈ పద్యాన్ని ‘ంభ’ దగ్గర ఊపిరి బిగబట్టి చదువుతారు.

తెనాలి నుంచి:
వరంగల్లు వారు చెప్పిన పాఠమే సరైనది, నాకూ అందులో అనుమానం లేదు. అయితే బ్యాంకాక్ మిత్రుల చెవిని తప్పుపట్టే ముందు ఒక్క సంగతి గమనించండి. శార్దూలంలో మూడో గణం జగణం. ‘డకుంభ’ ఎలా జగణమో ‘డభాండ’ కూడా అలాగే జగణం. యతి ‘నా–నం’ల మధ్య ఉంది కాబట్టి దానికీ భంగం లేదు. అంటే ఛందస్సు ఈ పాఠాన్ని ఆపలేదు, అనుప్రాస ఒక్కటే ఆపుతోంది. అర్థం కూడా చెడదు కనుక మనసు ఆ మాటను అక్కడ పెట్టుకోవడంలో వింత లేదు.

ఇక హ్రస్వం సంగతి. పాలీలో సంయుక్తాక్షరానికి ముందున్న దీర్ఘం నిలవదు. మార్గం ‘మగ్గ’ అయినట్టే భాండం ‘భండ’ అయింది. ఈ థాయి మాటను వాడుకలోకి తెచ్చినది మొంగ్‌కుట్ రాజు. తాను సేకరించిన వస్తువుల కోసం రాజప్రాసాదంలో కట్టించిన మందిరానికి ఆయన ‘ప్రఫాత్ ఫిఫిత్థఫన్’ అని పేరు పెట్టాడు. సింహాసనం ఎక్కకముందు 27 ఏళ్లు భిక్షువుగా ఉండి పాలీలో గొప్ప పండితుడు అనిపించుకున్నవాడు. మీరు చూసిన శాలలోని 1292 నాటి రామ్‌ఖమ్‌హేంగ్ శాసనాన్ని 1833లో సుఖోతైలో కనుగొన్నది కూడా ఆయనే. అంతటి పాలీ పండితుని కలం నుంచి ‘భండ’ రావడం సహజం.

విశాఖపట్నం నుంచి:
తెనాలి మిత్రులు పాలీ అని అంత సులువుగా తేల్చేశారు గానీ, అదే మాటలో మొదటి సగాన్ని ఎందుకు వదిలేశారు? ‘వివిధ’లోని రెండు వకారాలూ బకారపు అక్షరంతో రాసి ఉంటాయి, దాన్నే వారు ‘ఫ’గా పలుకుతారు. సంస్కృతం నుంచి వెళ్లిన మాటల తీరు ఇది. విష్ణులోకం ‘ఫిత్సనులోక్’ అయింది, విభీషణుడు ‘ఫిఫేక్’ అయ్యాడు. అదే శాలలో 1795లో చేసిన, 11 మీటర్ల పైచిలుకు ఎత్తున్న రాజుల అంత్యయాత్రారథం పేరు ‘మహాఫిచై రాచ్చరోత్’, అంటే మహావిజయరాజరథం. బౌద్ధం వెంట వచ్చిన ‘విహారం’ మాత్రం వకారం పోగొట్టుకోకుండా ‘విహాన్’గా నిలిచింది. కాబట్టి ముందుసగం సంస్కృతం, వెనుకసగం పాలీ అని ఒప్పుకోవలసి వస్తుంది. వబయోరభేదః, అంటే వ, బలకు భేదం లేదు అని మనవాళ్లు చదువుకున్నదాన్ని అక్కడివాళ్లు అక్షరాలా పాటించారన్నమాట. చివరి ‘డ’ రాసి ఉండీ నోటికి రాకపోవడానికి దాని నెత్తిన చిన్న గుర్తు ఉంటుంది, బ్యాంకాక్ వారు చూసే ఉంటారు. దశకంఠుడు ‘థోత్సకన్’ కావడం కూడా ఇలాగే. ఠకారం రాతలో ఉంది, పలుకులో లేదు.

నంద్యాల నుంచి:
అందరూ ‘కుంభ’ అంటే కుండ అని తీసుకుని మాట్లాడుతున్నారు. నాకు అక్కడే అభ్యంతరం. పద్యంలో దృగ్జాలం, అంటే చూపుల సమూహం, నుంచి పుట్టినవి కంజాతభవాండాలు, అంటే బ్రహ్మాండాలు. అండమే ఒక గుల్ల అయినప్పుడు మళ్లీ దాన్ని కుండ అనడం దేనికి? ఇక్కడ కుంభం అంటే రాశి. మా శ్రీశైలంలో భ్రమరాంబ అమ్మవారికి కుంభోత్సవం నాడు అన్నాన్ని రాశిగా పోసి నివేదిస్తారు. దాన్ని ‘కుంభం పోయడం’ అంటాం, అక్కడ ఏ కుండా ఉండదు. చూపు తిరిగినంతమేర బ్రహ్మాండాలు రాశులు పోసినట్టు పుట్టుకొచ్చాయని చదివితేనే ‘నానా’ అన్న మాటకు బలం వస్తుంది.

వరంగల్లు నుంచి:
నంద్యాల వారి కుంభోత్సవం మీద నాకెంతో గౌరవం. అయినా ఈ పద్యంలో రాశి అన్న అర్థాన్ని నేను ఒప్పుకోను. బ్రహ్మను కుమ్మరిగా చూడటం మన కవులకు కొత్త కాదు. ఇక్కడ కవి చేసిన పని అంతకంటే పెద్దది. సారె లేదు, చెయ్యి లేదు, మట్టి లేదు. ఆటగా ఒక చూపు విసిరితే కుండలు తయారవుతున్నాయి. ఆ వెంటనే వచ్చేది ‘మహానందాంగనాడింభకున్’. ఇన్ని కుండలు చేసినవాడు నందుని ఇల్లాలి ఒడిలోని పసివాడు. పాలకుండలు, పెరుగుకుండలు పగలగొట్టబోయే పిల్లవాడి గురించి మొదటి పద్యంలోనే ‘కుంభ’ అన్న మాట పడిందంటే, అది కుండే. రాశి అంటే ఆ పిల్లవాడు ఆ పద్యంలోంచి సగం వెళ్లిపోతాడు.

తెనాలి నుంచి:
మీరిద్దరూ చెరో కొసా పట్టుకుని లాగుతున్నది ఒకే తాడును. కుండను చెప్పే మాట కుండలో ఉన్నదానికి, తర్వాత పోగుచేసినదానికి జారడం మన భాషలకు అలవాటే. భాండాన్నే చూడండి. ‘భాండశుద్ధి లేని పాకమేల’ అన్నప్పుడు వేమనకు అది వంటపాత్ర. అమరకోశం నానార్థవర్గంలో అదే మాటకు పాత్రతో పాటు గుర్రపు అలంకారమనీ, వర్తకుడి మూలధనమనీ అర్థాలున్నాయి. పాలీలో సరుకు, సొత్తు అన్న అర్థమే ముందుకు వచ్చింది; బుద్ధుని శిష్యుడు ఆనందుణ్ణి ‘ధమ్మభండాగారిక’ (ధర్మానికి కోశాధికారి) అన్నప్పుడు ఆయన దగ్గర కుండలున్నాయని ఎవరూ అనుకోరు. థాయి మాటలోనూ అది సరుకే. ద్వారవతి నాటి రాతి ధర్మచక్రాలు, చయ్య నుంచి తెచ్చిన కంచు అవలోకితేశ్వరుడు, సంఖలోక్ పింగాణీ అన్నీ ఒకే కప్పు కింద ‘వివిధభాండం’ అయ్యాయంటే కారణం ఆ అర్థమే. ప్రదర్శనశాల, సంగ్రహాలయం అంటూ మనం చేసుకున్న మాటల్లో చూపించడం, పోగుచేయడం ఉన్నాయి గానీ వస్తువు లేదు. వారి మాటలో వస్తువే ఉంది. నాకది మన మాటలకన్నా ఎక్కువ నచ్చింది.

హైదరాబాదు నుంచి:
హ్రస్వం కోసం థాయిలాండు దాకా వెళ్లనక్కరలేదు, అది మన నోట్లోనే ఉంది. భాండాగారం ప్రాకృతం మీదుగా మనకు ‘బండారం’ అయి వచ్చింది. ఎవరి బండారమైనా బయటపడిందన్నప్పుడల్లా మనమూ మొంగ్‌కుట్ రాజు హ్రస్వాన్నే పలుకుతున్నాం. అయితే ఒత్తు నిలుపుకుంటూ దీర్ఘం తీసేస్తే మాత్రం తెలుగులో ప్రమాదం. ‘భండనభీముడు’ అని రామదాసు అన్నప్పుడు అది యుద్ధం, సరుకు కాదు. ఇంకొక ఊహ కూడా మీ ముందు పెడుతున్నాను. ‘బాన’ కూడా ఈ భాండం నుంచే వచ్చి, దీర్ఘాన్ని కాపాడుకుందేమో.

తెనాలి నుంచి:
బండారం మాట బాగా పట్టుకున్నారు, నాకు తట్టలేదు. బాన మాత్రం ఒప్పుకోలేను. కుండ, దండ, బండ అంటూ ‘ండ’ను ఇంత సుఖంగా పలికే తెలుగు నోరు, ఈ ఒక్క మాటలోనే డకారాన్ని వదిలేసి నకారం ఎందుకు చేసుకుంటుంది?

హైదరాబాదు నుంచి:
థాయివారు వదిలేశారు కదండీ. వారి ‘ఫన్’ చివర వినిపిస్తున్నదీ నకారమే.

విశాఖపట్నం నుంచి:
అక్కడ అది మాట చివర పడింది కాబట్టి పోయింది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, డకారం పోవలసిన అవసరమే రాదు. ఆ పోలిక చెల్లదు.

బ్యాంకాక్ నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ‘కుంభకు’ అన్న పాఠానికి తలవంచుతున్నాను. అనుప్రాస వరుస చదివాక ‘భాండ’ నా నోటికీ ఎక్కడం లేదు. హ్రస్వం గురించి ఒక్క ఆధారం జోడిస్తాను. ఇక్కడి దుకాణాల్లో ప్రతి పొట్లం మీద ఉత్పత్తి అన్న అర్థంలో ‘ఫలిత్తఫన్’ అని ఉంటుంది, మన లెక్కన ఫలితభాండం. కార్యాలయాల్లో బల్లలు, బీరువాల వంటి సామగ్రిని ‘ఖరుఫన్’ అంటారు. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో సంఘానికి చెందిన, పంచిపెట్టకూడని బరువైన సొత్తుకు ఉన్న ‘గరుభండ’ అన్న పేరుతో దీన్ని పోల్చి చూడవచ్చు. ఈ రెండింటిలోనూ ‘భ’ హ్రస్వమే. కాబట్టి వెనుకసగం పాలీ అన్నది నాకు నమ్మదగినదిగా ఉంది, ముందుసగం మీద విశాఖపట్నం వారి అభ్యంతరం అలాగే ఉంది.

కుంభం కుండా, రాశా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. ఆ గదిలో బాన్ చియాంగ్ కుండలు విడివిడిగా లేవు, ఒకదాని పక్కన ఒకటి గుమిగూడి ఉన్నాయి. బుధవారం మళ్లీ వెళ్తున్నాను.

నంద్యాల నుంచి:
గుమిగూడి ఉన్నాయని మీరే అంటున్నారు కదా, అయితే అది రాశే.

వరంగల్లు నుంచి:
గుమిగూడినవి కుండలు కదండీ.