రిఫ్ట్ లోయ సరస్సుల దారి: కారు మనమే నడుపుకోవాలా, గైడు బండి ఎక్కాలా?

దారిపిల్ల:
నైరోబీలో భౌగోళిక శాస్త్రం చదువుతున్నాను. సెమిస్టరు సెలవుల్లో నలుగురం కలిసి కెన్యా రిఫ్ట్ లోయ సరస్సుల వెంట ఉత్తరానికి వెళ్లాలని అనుకుంటున్నాం. నైవాషా, హెల్స్ గేట్, ఎలిమెంటైటా, నకూరు, బొగోరియా, చివర బరింగో. ఇద్దరికి లైసెన్సు ఉంది. చిన్న కారు అద్దెకు తీసుకుని మేమే నడుపుకుందామని నేనంటున్నాను. అభయారణ్యంలోకి గైడు లేకుండా వెళ్లడం పొగరు అని మాలో ఒకరి వాదన. డబ్బు సంగతి పక్కన పెట్టి చెప్పండి, ఏది సరైనది? "మీ ఇష్టం" అనే జవాబులు దయచేసి వద్దు.

నాలుగోగేరు:
మీరే నడుపుకోండి. ఇందులో సందేహపడాల్సింది ఏముందో నాకు అర్థం కావడం లేదు. అక్కడ కూడా బండ్లు మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. నైరోబీ నుంచి నకూరు దాదాపు 160 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. నకూరు సరస్సు చుట్టూ ఉన్న జాతీయ పార్కు విస్తీర్ణం 188 చదరపు కిలోమీటర్లు, చుట్టూ కంచె ఉంది, ఏనుగులు లేవు. ఆఫ్రికాలో కొత్తగా బండి నడిపేవాళ్ల గుండెలు జారిపోయేది ఏనుగు ఎదురొచ్చినప్పుడే. అదే లేనప్పుడు ఇక భయం దేనికి? నియమాలు కూడా కష్టమైనవేమీ కావు. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు, అనుమతి ఉన్న చోట తప్ప బండి దిగకూడదు, జంతువుకు కనీసం 20 మీటర్ల దూరంలో ఉండాలి, చీకటి పడేలోపు బయటికి వచ్చేయాలి. డిగ్రీ చదివేవాళ్లకు ఇవి ఒకరు పక్కన కూర్చుని చెప్పాలా?

అసలు లాభం వేరే ఉంది. గైడు బండిలో మీ చూపు మీది, సమయం వాళ్లది. సింహం, ఖడ్గమృగం, జిరాఫీ అని చూపించుకుంటూ పోతారు. మీ కారైతే ఇంజను ఆపి ఒకే చోట గంటసేపు కూర్చోవచ్చు. ఫ్లెమింగో మేత మేసే తీరు చూడాలంటే అంత ఓపిక కావాలి. మెడ కిందికి వంచి, తల తలకిందులు చేసి, ముక్కు పైభాగం నేల వైపు ఉండేలా నీటిలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది. నాలుక పంపులా ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచున ఉన్న సన్నని పళ్ల వరస నాచును పట్టి ఉంచుతుంది. "పోదామా?" అని వెనక్కి తిరిగి అడిగే డ్రైవరు ఉంటే ఇది చూడలేరు.

పాతస్టీరింగు:
నాలుగోగేరు గారు చెప్పినదంతా మ్యాపు మీద నిజం. ఏళ్లుగా ఈ దేశంలో ఉంటూ ఈ దారిలో బండి నడుపుతున్నవాడిగా రెండు సంగతులు చెబుతాను.

మొదటిది, ప్రమాదం పార్కులో లేదు, పార్కుకు వెళ్లే దారిలో ఉంది. మొంబాసా రేవు నుంచి ఉగాండా వైపు సరుకు మోసే లారీలు ఎక్కువగా నైరోబీ–నకూరు రోడ్డు మీదే నడుస్తాయి. లారీ వెనక లారీ, దాన్ని దాటే బస్సు, ఆ బస్సును దాటే మతాతు, అంటే జనాన్ని ఎక్కించుకుని తిరిగే వ్యాను. ఎదురుగా వచ్చేవాడు రోడ్డు దిగిపోతాడని అందరి నమ్మకం. పగలే ఇలా ఉంటే, రాత్రి ఆ రోడ్డెక్కవద్దని ఏ విద్యార్థికైనా చేతులు జోడించి చెబుతాను.

రెండోది, ఫోనులో ఉన్న దారి నేల మీద ఉంటుందన్న హామీ లేదు. ఈ సరస్సులు 2010 తర్వాత ఉబ్బుతూ వచ్చాయి. నకూరు పాత ప్రధాన ద్వారం నీళ్లలో మునిగింది. ఒడ్డు వెంట తిరిగే రోడ్లు కొన్ని పోయాయి. పసుపు బెరడుతో మెరిసే తుమ్మజాతి చెట్లు వందలకొద్దీ నీళ్లలో నిలువునా ఎండి మోడులయ్యాయి. బొగోరియాలో లోబోయి గేటుకూ, వేడినీటి ఊటల దగ్గరికి వెళ్లే రోడ్డుకూ ఇదే గతి పట్టింది. ఫోను "నేరుగా వెళ్లండి" అంటుంది, నేరుగా వెళితే నీళ్లు. స్థానికుడు పక్కన ఉంటే ఈ ఏడాది ఏ దారి తెరిచారో, నిన్నటి వానకు ఏది తెగిందో చెబుతాడు. దాన్ని పొగరు అనను గానీ, అతను లేకుండా చిన్న కారులో వెళ్లడం తెలివితక్కువ.

గూడబాతు:
నా చూపు ఎప్పుడూ పక్షుల మీదే కాబట్టి ఇద్దరి మాటలోనూ ఒక లోపం కనిపిస్తోంది. మీ తగువంతా నకూరు చుట్టూ తిరుగుతోంది. నకూరును గులాబీ రంగు సరస్సుగా చూపించే పాత ఫోటోలు చూసి ఈ అమ్మాయి బయల్దేరితే మోసపోతుంది. నీటిమట్టం పెరిగేకొద్దీ క్షారం పలచబడింది. చిన్న ఫ్లెమింగోలు బతికేది క్షారజలంలో పెరిగే స్పిరులినా జాతి సూక్ష్మజీవుల మీద. మేత తగ్గితే అవి ఆ చోటు వదిలేస్తాయి. ఒకప్పుడు లక్షల్లో వాలిన సరస్సు మీద తర్వాత చాలా ఏళ్లు గూడబాతులదే రాజ్యం. నాకేం బాధ లేదనుకోండి, పేరు చూశారుగా! ఫ్లెమింగోల కోసమే అయితే బొగోరియాకు ఎక్కువ సమయం పెట్టండి. అక్కడా ప్రతిరోజూ ఉంటాయని ఎవరూ మాట ఇవ్వలేరు. ఇవి రాత్రికి రాత్రి సరస్సు మారే పక్షులు. గుడ్లు పెట్టడానికైతే సరిహద్దు దాటి టాంజానియాలోని నాట్రాన్‌కు పోతాయి.

ఇక గైడు సంగతి. నైరోబీ నుంచి వచ్చే వ్యాన్ల రేడియోల గురించి ఎవరూ మాట్లాడరేం? చెట్టు మీద చిరుత ఉందని ఒకరు చెబితే చాలు, పది నిమిషాల్లో ఆ చెట్టు కింద బండ్ల సంత. అది దిగి పొదలోకి పోయేదాకా ఇంజన్లు ఆగవు. అలాంటి గైడు కంటే ఏమీ తెలియని విద్యార్థే నయం, కనీసం చిరుతను కనిపెట్టలేడు.

లెక్కలమాస్టారు:
డబ్బు పక్కన పెట్టమంటోంది అమ్మాయి. క్షమించాలి, పెట్టలేను. నకూరు రుసుము కెన్యా వన్యప్రాణి సేవా సంస్థకు వెళుతుంది. బొగోరియా జాతీయ రిజర్వు బరింగో కౌంటీ చేతుల్లో ఉంది. ఈ రెండూ, ఎలిమెంటైటా కలిసి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. ఆ పేరు చూసి వచ్చేవాళ్లు గేటు దగ్గర రుసుము కట్టి, తమ కారులో ఒక చుట్టు తిరిగి, తెచ్చుకున్నది తిని వెళ్లిపోతే ఆ ఒడ్డున బతికేవాళ్లకు మిగిలేది దుమ్ము. సరస్సు పెరిగి పొలమూ ఇల్లూ మునిగిన కుటుంబాలు బరింగో చుట్టూ ఉన్నాయి. పడవ నడపడం, దారి చూపడం వాళ్లకు దొరికే కొద్ది పనుల్లో ఒకటి. "గైడు లేకుండా వెళ్లగలం" అన్నది నైపుణ్యం గురించిన మాట. "వెళ్లాలా" అన్నది వేరే ప్రశ్న.

నాలుగోగేరు:
మాస్టారూ, దానం చేయాలనుకుంటే దానం చేయమనండి. అవసరం లేని సేవను అవసరమని నమ్మించి డబ్బు ఇప్పించడం ఎందుకు? హెల్స్ గేట్ చూడండి. 1984లో జాతీయ పార్కు అయింది, 68 చదరపు కిలోమీటర్లు, లోపల సైకిలు తొక్కవచ్చు, నడవవచ్చు. కంచె లేదు, కారు తలుపు లేదు, జీబ్రాల మంద పక్కనుంచే తొక్కుకుంటూ పోతారు. ప్రభుత్వమే సైకిలు మీద వదిలినప్పుడు, అద్దాలు మూసిన కారులో కూర్చున్నవాళ్లకు గైడు కావాలనడం విడ్డూరం.

పాతస్టీరింగు:
హెల్స్ గేట్ మాట మీరే ఎత్తారు. సైకిలు దారి వేరు, దాని చివర ఉన్న ఇరుకు లోయ వేరు. 2019 సెప్టెంబరులో ఆ లోయలోకి దిగిన బృందాన్ని ఉన్నట్టుండి వచ్చిన వరద లాక్కుపోయి ఏడుగురు చనిపోయారు. అక్కడ వాన పడనక్కర్లేదు, ఎగువన పడితే చాలు. గోడల మధ్య మనిషి పట్టేంత సందుల్లో నీళ్లు వస్తే ఎక్కడానికి చోటుండదు. నెత్తిన ఎండ కాస్తుంటే వరద వస్తుందని కొత్తవాళ్లకు ఎలా తడుతుంది?

దారిపిల్ల:
ఆ ఘటన గురించి నేనూ చదివాను. చనిపోయిన ఏడుగురిలో స్థానిక గైడు ఒకరు. అంటే గైడు ఉన్న బృందమే అది. ఎగువన వాన పడుతోందని లోయలో ఉన్నవాళ్లకు చెప్పే ఏర్పాటు లేనప్పుడు, పక్కన ఎవరున్నా లాభం లేదన్నది నా ఉద్దేశం. మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చిన్న వానలు. ఆ నెలల్లో లోయలోకి దిగకూడదన్న నియమం పెట్టుకోవడానికి గైడు అవసరం లేదు.

పాతస్టీరింగు:
సెప్టెంబరు ఆ రెండింటిలోనూ లేదమ్మా.

దారిపిల్ల:
...సరే. లోయ వద్దు. సైకిలు మాత్రమే.

ఎండుటాకు:
ఇంతసేపూ మనుషుల క్షేమం, మనుషుల ఆదాయం. జంతువుల వైపు నుంచి చూస్తే సొంత కారుకూ గైడు వ్యానుకూ తేడా ఎంత? సొంతంగా వచ్చినవాళ్లు తెలియక దగ్గరికి పోతారు. దున్న తలెత్తి, ముక్కు ముందుకు చాచి చూస్తుంటే "మనవైపే చూస్తోంది" అని మురిసిపోయి ఫోటో తీస్తారు. అది హెచ్చరిక అని వాళ్లకు తట్టదు. గైడుకు అంతా తెలుసు, కానీ వెనక సీట్లో కూర్చున్నవారు చివర్లో ఇచ్చే బహుమానం మీద అతని నెల గడవాలి, కాబట్టి తెలిసి తెలిసీ దగ్గరికి పోతాడు. రెండోదే నాకు ఎక్కువ బాధ. అజ్ఞానానికి గేటు దగ్గర అరగంట పాఠం చాలు. ఆ బేరానికి మందు లేదు.

నా ఓటు సొంత కారుకే. ఒక షరతు ఉంది. నలుగురిలో ఒకరు నడపాలి, ఒకరు దారి చూడాలి, మిగిలిన ఇద్దరికి కెమెరా. నడిపేవాళ్ల చేతిలో ఫోను కనిపిస్తే మాత్రం గైడు బండే ఎక్కండి.

గూడబాతు:
ఎండుటాకు గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, "తేడా ఎంత" అన్నది తప్ప. స్థానికుడు అన్న మాటను మనం వ్యానుకు కట్టేసి మాట్లాడుతున్నాం. బరింగోలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. నీళ్లు పెరిగి లోంగిచారో అనే చోటు దీవిగా మారింది, రోత్స్‌చైల్డ్ జాతి జిరాఫీలు అందులో చిక్కుకుపోయాయి. 2020 డిసెంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు వాటిని ఒక్కొక్కటిగా తెప్ప మీద ఎక్కించి ఒడ్డుకు చేర్చారు. ఉక్కుతో చేసిన దీర్ఘచతురస్రాకారపు తెప్ప, కింద తేలడానికి ఖాళీ పీపాలు, చుట్టూ ఎత్తయిన దడి, తలకు గుడ్డ కట్టి మధ్యలో నిలబెట్టిన జిరాఫీ, పక్కన మెల్లగా తోసే పడవలు. బయటి నిపుణులు వచ్చారు, నిజమే. ఆ నీళ్ల మీద ఎటు తోయాలో తెలిసింది మాత్రం ఆ ఒడ్డు మనుషులకే. భౌగోళిక శాస్త్రం చదివే అమ్మాయి అక్కడిదాకా పోయి, సరస్సు ఎందుకు పెరిగిందో వాళ్లతో ఒక పూట మాట్లాడకుండా వస్తుందా? వానలు పెరగడమా, ఎగువన అడవులు నరకడంతో కొట్టుకొచ్చే మట్టా, నేల పొరల కదలికా అని శాస్త్రవేత్తల మధ్య నడుస్తున్న చర్చ ఇది. మంచినీటి బరింగోకూ క్షారజలపు బొగోరియాకూ మధ్య దూరం తగ్గుతోందన్న భయం కూడా ఉంది. అవి కలిస్తే ఫ్లెమింగోల కథ, చేపల కథ రెండూ మారిపోతాయి. ఇది కారు అద్దంలోంచి కనిపించదు.

దారిపిల్ల:
ఇదీ నాకు కావాల్సిన వాదన. భద్రత కోసం గైడు అంటే ఒప్పుకోలేకపోయాను, ఇంత సేపటికి ఒక్కరు చదువు కోసం అన్నారు. మా నిర్ణయం: కారు మాదే. నైవాషా, హెల్స్ గేట్, ఎలిమెంటైటా, నకూరు మేమే. బొగోరియా గేటు దగ్గర స్థానిక గైడును కారులో ఎక్కించుకుంటాం. బరింగోలో పడవ, పడవవాడితో కబుర్లు. నైరోబీ వ్యాను మాత్రం ఎక్కం.

లెక్కలమాస్టారు:
నలుగురు కూర్చున్న చిన్న కారులో అయిదో మనిషిని ఎక్కడ కూర్చోబెడతారమ్మా? సామాను ఎక్కడ పెడతారు? ముందు ఈ లెక్క తేల్చండి.

నాలుగోగేరు:
నకూరులో గైడు దండగ అన్న మాటకు నేను కట్టుబడే ఉన్నాను. బొగోరియా విషయంలో అభ్యంతరం లేదు. దక్షిణాన ఎమ్సోస్ గేటు వైపు నుంచి లోపలికి పోదామని మాత్రం అనుకోవద్దు, అది నాలుగు చక్రాలూ తిప్పే ఎత్తు బండ్ల దారి. మొగోటియో మీదుగా తారు రోడ్డునే పట్టుకుని ఉత్తరాన లోబోయి వైపు రండి.

పాతస్టీరింగు:
నకూరు రుసుము ప్రభుత్వ వెబ్‌సైటులో ముందే కట్టుకోండి, గేటు దగ్గర నోట్లు తీసుకోరు. కళాశాల గుర్తింపు కార్డు అసలుదే పట్టుకెళ్లండి. స్టెపినీలో గాలి ఉందో లేదో కారు తీసుకునేటప్పుడే చూడండి. జాకీ కూడా పైకెత్తి చూడండి, అద్దె కారు జాకీలను నేను నమ్మను. నకూరు నుంచి బొగోరియాకు తెల్లవారగానే బయల్దేరితే లోబోయిలో మధ్యాహ్నపు ఎండ తప్పుతుంది. నైరోబీకి తిరిగి వచ్చే రోజు నైవాషా ఎన్ని గంటలకు దాటుతారో ఇంకా చెప్పలేదు.

దారిపిల్ల:
మూడింటికి దాటేస్తాం. మాస్టారూ, ఒకరు తగ్గారు. గైడు లేకుండా వెళ్లడం పొగరు అన్నవారే, వ్యానులో వస్తారట.