చిన్న కౌంటీలో మధ్యగత గృహాదాయం: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న

పశ్చిమ నెబ్రాస్కాలో మూడు వేల జనాభా కూడా లేని ఒక కౌంటీలో పని చేస్తున్నాను. పాత తాగునీటి పైపులు మార్చడానికి అమెరికా వ్యవసాయ శాఖవారి గ్రామీణాభివృద్ధి విభాగానికి దరఖాస్తు రాస్తున్నాను. ఇచ్చే సొమ్ములో గ్రాంటు ఎంత, అప్పు ఎంత అన్నది నిర్ణయించేటప్పుడు మధ్యగత గృహాదాయాన్ని (ఇళ్ల ఆదాయాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యన వచ్చే అంకెను) చూస్తారు. సెన్సస్ బ్యూరోవారి అమెరికన్ కమ్యూనిటీ సర్వే పట్టిక బి19013లో ఒక అంకె ఉంది. అదే బ్యూరోవారి 'సైపీ' (SAIPE, చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు) లెక్కల్లో మరొకటి ఉంది. రెండింటికీ వేల డాలర్ల తేడా. పైగా సర్వే ప్రకారం నిరుటికంటే ఆదాయం పెరిగిందట! ఇక్కడి రైతులెవరూ ఆ మాట ఒప్పుకోరు. ఆదాయం ఎక్కువని తేలి అప్పు భాగం పెరిగితే ఆ భారం పింఛనుతో బతికే వృద్ధుల నీటి బిల్లు మీద పడుతుంది. అందుకే ఇంత పట్టుదలగా అడుగుతున్నాను. ఇంకో సందేహం: పక్క కౌంటీతో కలిసి దరఖాస్తు చేస్తే రెండు మధ్యగతాల సగటు వేయవచ్చా?

జవాబు 1

ముందుగా 'పెరిగింది' అన్న మాట సంగతి చూద్దాం. జనాభా 65,000 దాటిన ప్రాంతాలకే ఆ సర్వే ఏడాది అంచనాలు పూర్తిగా ఇస్తుంది. మీలాంటి కౌంటీకి దొరికేది ఐదేళ్ల సమాచారాన్ని కలిపి, చివరి ఏడాది డాలర్లలోకి (అంటే ఆ ఏడాది ధరల స్థాయికి) మార్చిన అంచనా. 2018–2022, 2019–2023 అంచనాలను పక్కపక్కన పెడితే నాలుగేళ్ల సమాచారం రెండింటిలోనూ ఉమ్మడిగా ఉంటుంది. వాటి తేడాను ఏడాది మార్పుగా చదవకూడదు. పోల్చాలంటే 2014–2018ని 2019–2023తో పోల్చండి, అదీ రెండింటినీ ఒకే ఏడాది డాలర్లలోకి తెచ్చాకే.

అంకె పక్కన ఉండే దోష పరిధిని (ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేదాన్ని) చాలామంది చూడనే చూడరు. నాకు బాధ కలిగించేది అదే. మధ్యగతం 52,000 డాలర్లు, దోష పరిధి 9,000 అనుకోండి. అది 90 శాతం విశ్వాస స్థాయిలో ఇచ్చినది. అంటే అసలు విలువ 43,000 దగ్గరా ఉండవచ్చు, 61,000 దగ్గరా ఉండవచ్చు. సైపీ అంకె ఈ పరిధిలోనే పడితే రెండూ ఒకదానినొకటి కాదంటున్నాయని చెప్పలేం. సైపీ ఒక్క ఏడాదికి సంబంధించిన అంచనా. సర్వేతో పాటు పన్ను రిటర్నుల వంటి ప్రభుత్వ రికార్డులను కూడా ఒక గణిత నమూనాలో (మోడల్‌లో) కలిపి లెక్క కడతారు కనుక చిన్న కౌంటీల్లో ఒడుదొడుకులు తగ్గుతాయి.

మధ్యగతాలకు సగటు వేయకండి, అది తప్పు లెక్క. పట్టిక బి19001లో ఏ ఆదాయ శ్రేణిలో ఎన్ని గృహాలున్నాయో ఉంటుంది. రెండు కౌంటీల గృహాలను శ్రేణుల వారీగా కూడండి. ఉదాహరణకు మొత్తం 1,200 గృహాలు, 50,000 లోపు 540, ఆపై 50,000–59,999 శ్రేణిలో 120 ఉన్నాయనుకుందాం. సగం అంటే 600. ఆ శ్రేణిలో ఇంకా 60 గృహాలు కావాలి, అంటే 120లో సగం. కనుక మధ్యగతం సుమారు 55,000.

జవాబు 2

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. రైతుల మాట గురించి ఒకటి చెప్పాలి. ఈ సర్వేలో సాగు ఆదాయమంటే ఖర్చులు పోగా మిగిలిన నికర మొత్తం. నష్టం వస్తే అది మైనస్ అంకెగానే లెక్కలోకి వెళుతుంది. పొలం అమ్మితే వచ్చిన లాభం మాత్రం ఆదాయం కింద రాదు. కనుక ఎకరాలు చూసి ఇంటి ఆదాయాన్ని ఊహించకూడదు. అలాగే తలసరి ఆదాయంతో పోల్చకండి. అది సగటు, నలుగురు పెద్ద భూస్వాములుంటే చాలు పైకి పోతుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ పైపులు కౌంటీ అంతటికీ నీళ్లిస్తాయా?

ప్రశ్న అడిగినవారు

లేదండీ, కౌంటీ కేంద్రమైన చిన్న పట్టణానికే. బయటి పొలాల్లో ఇళ్లవారికి సొంత బోర్లున్నాయి.

జవాబు 2

అయితే కౌంటీ అంకెతో మీకు పని లేదు! ఆ పథకం చూసేది నీటి సరఫరా అందే ప్రాంతపు ఆదాయాన్ని. సర్వేలో ఆ పట్టణానికి విడిగా బి19013 తీయండి. దాని దోష పరిధి కౌంటీ పరిధికంటే పెద్దదిగా ఉంటే ఆశ్చర్యపోకండి, సర్వేకు దొరికిన ఇళ్లు అక్కడ మరీ తక్కువ. ఆ అంకె వాస్తవానికి దూరంగా ఉందని నమ్మడానికి తగిన కారణం చూపగలిగితే ఇంటింటి ఆదాయ సర్వేకు అవకాశం ఉంటుంది. కానీ ఏ పద్ధతిలో చేయాలో, ఎన్ని ఇళ్ల నుంచి జవాబులు రావాలో మీ రాష్ట్రంలోని ఆ విభాగం కార్యాలయంతో ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. సర్వే అయ్యాక అడిగితే ఆ కాగితాలు చెల్లకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

పట్టణం అంకె ఇప్పుడే తీశాను. కౌంటీ అంకెకంటే బాగా తక్కువ, దోష పరిధి మాత్రం చాలా ఎక్కువ. సోమవారం ఆ కార్యాలయానికి ఉత్తరం రాస్తాను. ఇద్దరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.