టిప్పర్‌కి వెనక హబ్ రిడక్షన్ యాక్సిల్ వేయించవచ్చా?

గొల్లపూడి టిప్పర్:
అన్నలందరికీ నమస్కారం. నాది ఆరు టైర్ల టిప్పర్, ఆర్సీలో బండి, లోడు కలిపి 18.5 టన్నులు. దొనబండ నుంచి బెజవాడకి కంకర తోలుతున్నాం. ఎనిమిది నెలల్లో రెండుసార్లు ఎడమ వైపు యాక్సిల్ షాఫ్ట్ విరిగింది, రెండుసార్లూ లోడుతో మెరక ఎక్కేటప్పుడే. మొన్న ఠప్పున శబ్దం వచ్చి బండి వెనక్కి జారింది. వెనకాల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. బండి నడిపేది మా బావమరిదే. ఆ రోజు నుంచి మా ఆవిడకి ఒకటే టెన్షన్. ఆటోనగర్‌లో పెద్ద బండి నుంచి తీసిన హబ్ రిడక్షన్ యాక్సిల్ ఉందంటున్నారు. ఇప్పుడు నా యాక్సిల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 5.86, దానిది 6.83. వేయించేస్తే ఈ బాధ తీరుతుందా?

క్వారీ బండి:
తీరుతుంది అన్నా. హబ్ రిడక్షన్‌లో చివరి తగ్గింపు చక్రం దగ్గరే జరుగుతుంది, షాఫ్ట్ మీద, క్రౌన్ (యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద పళ్ల చక్రం) మీద మెలి తక్కువ పడుతుంది. కానీ అది బరువైన సరుకు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. 5.86 నుంచి 6.83కి వెళ్తే 80లో పోయే బండి అదే ఇంజిన్ వేగానికి 68 దగ్గర ఆగిపోతుంది. క్వారీ లోపలే తిరిగే బండికైతే మంచిదే. నువ్వు రోడ్డు మీద తోలుతున్నావు, ఆలోచించుకో.

ఆటోనగర్ హౌసింగ్ పని:
బాబూ, ముప్ఫై ఏళ్లుగా నేను చేసేది ఈ పనే. యాక్సిల్ కొనే ముందు ఆ విరిగిన ముక్కని డీజిల్‌తో కడిగి ఎండలో పెట్టి చూడు. స్ప్లైన్ పళ్లు (షాఫ్ట్ కొసన ఉండే గాడి పళ్లు) జడలా మెలి తిరిగి ఉంటే ఒక్క దెబ్బకి పోయినట్టు. చక్రం బురదలో గిర్రున తిరిగి తిరిగి గట్టి రాయిని పట్టుకున్నప్పుడు అలా అవుతుంది. అలా కాకుండా చెట్టు మొద్దు కోస్తే కనిపించే వలయాల్లాంటి గీతలుండి, ఒక మూల మాత్రం పంచదార పలుకుల్లా మెరుస్తుంటే, అది చాలా రోజులుగా లోపల చీలుతూ వచ్చిందని అర్థం.

నీ బండిది ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. బరువు మోసేది హౌసింగూ (షాఫ్ట్ చుట్టూ ఉండే గొట్టం లాంటి గుల్ల) హబ్ బేరింగులూ. షాఫ్ట్ పని చక్రాన్ని తిప్పడమే. హౌసింగ్ సూటిగా ఉన్నంతకాలం షాఫ్ట్ మీద బరువే పడదు. హౌసింగ్ వంగిందంటే మాత్రం తిరిగిన ప్రతిసారీ షాఫ్ట్ అటూ ఇటూ వంగుతుంది, అందుకే ఒకే వైపు వరసగా విరుగుతాయి. ఎడమ వైపు టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయా? హబ్ చెయ్యి పెట్టలేనంత కాలుతోందా? అది చెప్పు ముందు.

మరో మాట. 2018లో బరువు పరిమితి పెంచాక కూడా నాలుగు టైర్ల వెనక యాక్సిల్‌కి అనుమతి 11.5 టన్నులే. ఎంత గట్టి యాక్సిల్ వేసినా నీ ఆర్సీ మారదు.

ఆర్టీఏ పనులు:
కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఇదే. ఓవర్‌లోడుకైతే 20,000, పైన టన్నుకి 2,000 చొప్పున జరిమానా.

గొల్లపూడి టిప్పర్:
ఆటోనగర్ అన్నా, మీరు చెప్పినట్టే కడిగి చూశాను. వలయాలే. లోపలి టైరు అంచు నున్నగా అరిగిపోయింది, ఇన్నాళ్లూ అలైన్‌మెంట్ అనుకున్నాను. హౌసింగ్ దింపి లేతు మీద కట్టి వంపు కొలిచే డయల్ పెడితే ఎడమ కొస వంగి ఉంది. పాత కాటా చీటీలు తీశాను, 22, 23 టన్నులు ఉన్నాయి. ఆ లోడు వేయమన్నది నేనే, బావమరిది తప్పేం లేదు. హబ్ రిడక్షన్ మానేశాను. ఇదే మోడల్‌కి కంపెనీ ఇచ్చే కొత్త హౌసింగ్, రెండు షాఫ్టులు, బేరింగులు చెప్పాను. రేషియో పాతదే. సామాను గురువారం వస్తుంది.