అప్‌డేట్: మేనల్లుడికి సెకండ్‌హ్యాండ్ జిప్సీ తీసుకున్నాం

డిసెంబర్‌లో అడిగాను, గుర్తుందా? ట్రెక్కింగ్ పిచ్చి ఉన్న మా మేనల్లుడికి ఐదు లక్షల్లోపు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) కావాలి, విశాఖలో చూసిన 2012 మారుతి జిప్సీలో ఫోర్ బై ఫోర్ లివర్ వేసినా ముందు చక్రాలు లాగడం లేదు, కొనొచ్చా అని. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చింది జాకీతో చక్రం లేపి చూడమన్న సలహా. ముందు చక్రం ఒకటి పైకి లేపి, ఇంజిన్ ఆపి, లివర్‌ని ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే స్థానంలో) పెట్టి, గేర్‌లో ఉంచి చేత్తో తిప్పాం. గిర్రున తిరిగింది! చక్రాన్ని ఇరుసుకు కలిపే హబ్బు లాక్ పడితే కదలకూడదు. రెండో వైపూ అంతే. లోపల ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) నుంచి ముందుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మాత్రం బిగుసుకుని ఉంది. మెకానిక్ నవ్వాడు: "ట్రాన్స్‌ఫర్ కేస్‌కి ఏ రోగమూ లేదు బాబూ, హబ్బులే నిద్రపోతున్నాయి." విప్పితే గ్రీజంతా ఎండిన బురదతో కలిసి బెల్లంపాకంలా గట్టిపడింది. కడిగి, కొత్త గ్రీజు పెట్టి, ఒక స్ప్రింగ్ మార్చాడు. 3,800 అయింది. ట్రాన్స్‌ఫర్ కేస్ పోయిందేమోనని నేను పడ్డ టెన్షన్ అంతా దండగ.

అసలు చూడాల్సింది తుప్పు. సముద్రగాలి తిన్న బండి కదా, వెనక కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) దగ్గర ఛాసిస్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. ఒకచోట పెచ్చు రాలింది, వెల్డింగ్ చేయించాం. ఆ వంకతో ధర పాతికవేలు తగ్గించాడు అమ్మినాయన. 2027లో పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్ ఖర్చు కూడా లెక్కలో వేసుకున్నాం.

పోయిన ఆదివారం మేనల్లుడు వంజంగి కొండల వైపు వెళ్లొచ్చాడు. నడుం పట్టేసిందట, నాలుగు వైపులా గట్టి కమాన్ కట్టలే మరి.